రాసుకోవద్దన్నారు

అక్క ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసింది. అందులో పంతొమ్మిదేళ్ళు ఒకే వార్డుకు హెడ్ నర్సు. లోకమంతా ఆవిడను సిస్టర్ అంటే, అక్కా అని పిలిచే హక్కు మాత్రం ఒక్క చెల్లెలిదే. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, కోట్లకు లోపలి గుడ్డ మార్చడం లాంటి పనులు చేస్తుంది. చెయ్యి ఎంత నిదానమో నోరు అంత దురుసు. ఆ నోరు ఏడు వారాలపాటు ఎలా మూతపడిందో ఆవిడకే ఇప్పటికీ అర్థం కాదు. తలుచుకున్నప్పుడల్లా తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండేళ్ళ కిందట అక్కకు మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మతిమరుపు కాదది. అదైతే చెల్లెలికి ముప్పయ్యో ఏట నుంచే ఉంది. అక్కకు పొద్దున జరిగింది మధ్యాహ్నానికి ఉండేది కాదు. ఆ సంగతి ముందు పట్టుకున్నది ఏ డాక్టరూ కాదు, అక్కే. పట్టుకుని ఏడుస్తూ కూర్చోలేదు. బజారుకెళ్ళి పెద్ద రూళ్ళ పుస్తకం తెచ్చుకుని, వార్డులో చార్టు రాసినట్టే రాయడం మొదలుపెట్టింది. టైము, చేసిన పని, పక్కన సంతకం. "7.10. బీపీ మాత్ర ఒకటి, షుగర్ మాత్ర ఒకటి. వేసుకున్నాను." సంతకం. "8.40. స్నానం. వేడినీళ్ళ స్విచ్ కట్టేశాను." సంతకం. సాయంత్రం ఆరింటికి, నర్సులు డ్యూటీ మారే వేళకు, చెల్లెల్ని ఎదురుగా నిలబెట్టి పుస్తకం చదివి ఛార్జి అప్పగించేది.

"పొయ్యి, ఆఫ్. వెనక తలుపు, గడియ పెట్టాను. బాత్రూమ్ కుళాయి నిన్నటిలాగే కారుతోంది, మెరుగేం లేదు. మిషను దగ్గరున్న పేషెంటు పొద్దుట్నుంచీ అందరి మీదా కసురుకుంటోంది, ఒకసారి బీపీ చూడాలి."

"ఆ పేషెంటు నేనేనా?"

"నోరు మూసుకుని సంతకం పెట్టవే."

చెల్లెలు నవ్వుకుంటూ సంతకం పెట్టేది. ఆ పుస్తకంతో అక్క తన మందులు తాను వేసుకుంది, తన పనులు తాను చేసుకుంది, ఎవరి చేతి కిందా పడకుండా రెండేళ్ళు నెగ్గుకొచ్చింది. వార్డులో ఆవిడ పెట్టిన రూలు ఒకటే. గుర్తుంది కదా అని మందివ్వకూడదు. చూసి ఇవ్వాలి, ఇచ్చి రాయాలి. ఆ రూలు తప్పిన నర్సును ఆ పూటే ఇంటికి పంపేది. జ్ఞాపకాన్ని నమ్మకూడదని ముప్పై నాలుగేళ్ళు నేర్చుకున్న మనిషి, జ్ఞాపకం పోయేనాటికి అందరికంటే సిద్ధంగా ఉంది.

అలా సాఫీగా పోతున్న బండికి అడ్డంగా జ్ఞాపకశక్తి శిక్షణ కేంద్రం వచ్చింది. ఆసుపత్రి మూడో అంతస్తులో కొత్తగా తెరిచారు. తలకు ఒక టోపీ పెడతారు, అందులో తడిపిన స్పాంజి ముక్కలు రెండు, వాటికి వైర్లు. ఇరవై నిమిషాలపాటు చీమ కుట్టినంత కరెంటు మెదడులోకి వెళుతుంది. ఆ సమయంలోనే తెర మీద బొమ్మలు చూపించి గుర్తుపెట్టుకోమంటారు. పన్నెండు వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకు ఒక్కసారే. అందులో చెల్లెలికి కనబడిన తప్పేమీ లేదు. ఇప్పటికీ ఆ టోపీని ఆవిడ ఏమీ అనదు. మండేదల్లా దాని వెంట వచ్చిన షరతు మీదే.

"ఆ పుస్తకం మానేయాలమ్మా," అన్నాడు డాక్టరు. మెత్తటి మనిషి, గొంతు పెంచడం తెలియదు. "ఇక్కడే కాదు, ఇంట్లో కూడా. కర్ర పట్టుకుని నడిచేవాళ్ళకు కాళ్ళు బలపడతాయా చెప్పండి? మెదడుకు పని పడాలి. కాగితం మీద రాసేస్తే అది బద్ధకిస్తుంది."

అక్క ఒప్పుకోలేదు. "రాయకపోతే నాకు తెలీదు కదండీ," అంది. ఆయన నవ్వి, "అది తెలిసేలా చేయడానికేగా మేమున్నది," అన్నాడు. ఎంత తియ్యటి మాట! చెల్లెలు అక్కడికక్కడే కరిగిపోయింది. అక్కను పాత అక్కలా చూడొచ్చన్న ఆశ పుట్టాక ఇక ఆవిడకు ముందూ వెనకా కనబడలేదు. ఇంటికి రాగానే పుస్తకాన్ని తీసుకెళ్ళి గుడ్డల బీరువాలో పెట్టి తాళం వేసింది. అక్క మూడు రోజులు ఇల్లంతా ఆ పుస్తకం కోసం వెతికింది. నాలుగో రోజుకు వెతుకుతున్న సంగతే మర్చిపోయింది. పాపిష్టిదాన్ని, అప్పుడు హమ్మయ్య అనుకున్నాను, అని చెల్లెలు తర్వాత తనను తాను తిట్టుకుంది.

మార్కులు మాత్రం పెరిగాయి, అబద్ధమెందుకు? మొదటివారం పదహారు బొమ్మల్లో ఐదు చెప్పిన అక్క, నాలుగోవారానికి పది చెప్పింది. ఐదోవారానికి పదమూడు. టోపీ పెట్టే ట్రైనరమ్మ చప్పట్లు కొట్టి, "సూపర్ ఆంటీ!" అని అక్క మణికట్టు మీద నక్షత్రం స్టిక్కరు అంటించేది. ఆ చేత్తో ఎన్ని వేలమంది నాడి చూసిందో, ఎన్ని ప్రాణాలు ఆ చేతిలో నిలబడ్డాయో! దాని మీద స్టిక్కరు! చెల్లెలు బస్సులో దాన్ని గోటితో గీకి పారేసేది.

ఇంట్లో వరస వేరేలా ఉంది. అక్క స్నానం చేశాక మళ్ళీ స్నానానికి వెళ్ళేది. పొయ్యి కట్టేశానో లేదోనని వంటగదిలోకి పదిసార్లు తిరిగేది. సాయంత్రం ఆరింటికి మిషను ముందుకొచ్చి నిలబడేది, అప్పగించడానికి చేతిలో ఏమీ లేక, ఎందుకొచ్చిందో తెలియక, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడి, "నీకేమైనా కావాలా?" అని అడిగి వెళ్ళిపోయేది. చెల్లెలికి ఇంట్లో కనిపించేది ఒకటి, కాగితం మీద మార్కులు చెప్పేది ఇంకొకటి. చదువుకున్నవాళ్ళ కాగితం కదా, అదే నిజమై ఉంటుందిలే అని సర్దుకుంది.

ఆరోవారం మంగళవారం, పగలు పన్నెండు దాటింది. వంటగదిలో గ్లాసు పడిన చప్పుడైంది. చెల్లెలు సూది నోట్లో పెట్టుకునే పరిగెత్తింది. అక్క నేల మీద ఉంది. బట్టలు చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయాయి, పెదాలు వణుకుతున్నాయి. చెల్లెల్ని తేరిపార చూసి, "ఏ బెడ్డమ్మా నీది? ఎందుకు లేచొచ్చావ్?" అంది. షుగరు పడిపోతే ఏం చేయాలో ఒకప్పుడు అక్కే నేర్పింది కాబట్టి సరిపోయింది; చెల్లెలు చక్కెర నీళ్ళు కలిపి గుక్కగుక్కగా తాగించింది. అదే ఆసుపత్రి కింది అంతస్తులో సాయంత్రం దాకా గ్లూకోజ్ ఎక్కించారు. ఇంటికొచ్చి మాత్రల స్ట్రిప్పు చూస్తే ఒకటి ఎక్కువ ఖాళీ అయి ఉంది. వేసుకున్న మాత్రనే అక్క మళ్ళీ వేసుకుంది. పుస్తకం ఉన్న రెండేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి జరగలేదిది.

మర్నాడు చెల్లెలు మూడో అంతస్తుకు వెళ్ళి జరిగింది చెప్పింది. డాక్టరు శ్రద్ధగా విన్నాడు, అయ్యో అన్నాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"ఇది శిక్షణ సమయంలో జరగలేదు కాబట్టి మా పరిధిలోకి రాదమ్మా. జబ్బు స్వభావమే అంత."

"పుస్తకం ఉంటే జరిగేది కాదండీ. దాన్ని తీసేయమన్నది మీరేగా?"

"మార్కులు చూడండి, ఎంత బాగా పెరిగాయో! ఇప్పుడు వెనక్కి వెళ్ళొద్దు. జాగ్రత్త కోసం ఒక పని చేద్దాం." ఆయన ఒక కాగితం రాసిచ్చాడు. పేషెంటు స్వయంగా మందులు వాడుకునే స్థితిలో లేరు. మందులు ఇంట్లోవారి దగ్గర తాళంలో ఉండాలి. కింద స్టాంపు. అన్నట్టు, వచ్చే శనివారం కేంద్రానికి పెద్దలు వస్తున్నారు, కార్యక్రమం కొనసాగించాలా వద్దా తేల్చేది వాళ్ళే, వాళ్ళ ముందు అక్క చేత బొమ్మలు చెప్పించాలనుకుంటున్నాం, అని కూడా అన్నాడు. అందరిలోకీ ఆవిడే బాగా మెరుగైందట. మెరుగైన మనిషికి తన మాత్ర తాను వేసుకునే యోగ్యత లేదట! రెండు మాటలూ ఒకే నోటితో, ఒకే ఊపిరిలో ఎలా అనగలిగాడో ఆయనకే తెలియాలి.

పంతొమ్మిదేళ్ళు వార్డు మందుల బీరువా తాళంచెవి అక్క నడుముకే ఉండేది. ఇప్పుడు ఆవిడ మాత్రలు చెల్లెలి గుండీల డబ్బాలోకి వెళ్ళాయి. మొదటి రోజు ఉదయం చెల్లెలు మాత్ర తీసి ఇవ్వబోతే, అక్క మంచం మీద నిటారుగా కూర్చుని, అరచెయ్యి చాపి, మాత్ర మింగి, చూసుకోమన్నట్టు నోరు తెరిచి నాలుక పైకెత్తి చూపించింది. మింగకుండా దాచే పేషెంట్ల చేత ఆవిడ అలాగే చేయించేది. చెల్లెలు వంటగదిలోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో బావురుమంది. శనివారం రానీ, వాళ్ళ సంగతి తేలుస్తాను, అని అప్పుడే అనుకుంది. అక్క మందులు అక్క చేతికి రావాలి. అంతకుమించి ఆవిడకు ఏ కోరికా లేదు.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకే కేంద్రం వ్యాను వచ్చి అక్కను తీసుకెళ్ళింది. ఇవ్వాల్సిన కోటు ఒకటి ఉండటంతో చెల్లెలు పదకొండింటికి వెళ్ళింది. హాల్లో కుర్చీలు వరసగా వేశారు. ముందు వరసలో వచ్చిన పెద్దలు నలుగురు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు. వాళ్ళకెదురుగా వాలు కుర్చీలో అక్క. ట్రైనరమ్మ పొద్దున్నుంచీ కుర్చీలు సర్దుతూ, టోపీలు పెడుతూ, అటూ ఇటూ పరిగెడుతూ ఉన్నట్టుంది, మొహం వాడిపోయింది. చంకలో ఒక అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు. స్పాంజి తడిపి అక్క తలకు టోపీ బిగించింది.

డాక్టరు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. "ఏడు వారాల కిందట ఈవిడ ఒక నోటు పుస్తకం మీద ఆధారపడి బతికేవారు. ఈరోజు ఏ చీటీ లేకుండా, ఏ పుస్తకం లేకుండా, పూర్తిగా సొంత మెదడుతో జీవిస్తున్నారు."

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

"సొంత మెదడుతో జీవిస్తోందా? మొన్న చచ్చిపోబోయింది! ఆ సంగతి కూడా చెప్పండి డాక్టరు గారూ."

"అమ్మా, మనం తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత ఎందుకు? పెద్దలున్నప్పుడే మాట్లాడుకోవాలి." ఆవిడ నేరుగా ట్రైనరమ్మ దగ్గరికెళ్ళింది. "ఏమ్మా, ఏంటది చంకలో?"

"చార్టు మేడం. ఎవరికి ఎన్నింటికి పెట్టాం, ఎంత కరెంటు, ఎన్ని నిమిషాలు... అన్నీ రాసి సంతకం చేస్తాం."

"ఎందుకు రాయడం?"

"రోజుకు పన్నెండు మంది కదా మేడం. గుర్తుండదు."

చెల్లెలు ఆ అట్టను లాగేసుకుని వెనక దాచుకుంది. "గుర్తుండదూ! ఎంత వయసమ్మా నీకు, ముప్పై ఐదా? అయితే చూడకుండా చెప్పు. పొద్దున్నుంచీ ఎవరెవరికి ఎన్నింటికి పెట్టావు?"

ట్రైనరమ్మ మొదటి ముగ్గురివీ చెప్పింది. నాలుగో మనిషి దగ్గర తడబడింది.

"కర్ర పట్టుకుంటే కాళ్ళు బలపడవన్నారే, మరి ఈ కర్రేంటి?" చెల్లెలు డాక్టరు వైపు తిరిగింది. "గురివింద తన నలుపెరగదంటే ఇదే. మతి బాగున్నవాళ్ళు మీరేమో రాసుకోవాలి. మతి తప్పుతున్న మా అక్క మాత్రం రాసుకోకూడదా? ఇదెక్కడి న్యాయమండీ?"

"అది పేషెంటు భద్రత కోసం ఉన్న రికార్డమ్మా," అన్నాడు డాక్టరు. గొంతు ఇప్పుడు అంత మెత్తగా లేదు.

"మా అక్క పుస్తకం మరి దేనికోసమనుకున్నారు? కవిత్వం రాసుకోవడానికా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో కుర్చీలోంచి అక్క గొంతు వినిపించింది. పెద్దగా అరవలేదు, కానీ హాలంతా సర్దుకుని కూర్చుంది.

"ఏమే, డ్యూటీలో ఉన్న మనిషి చేతిలోంచి చార్టు లాక్కుంటావా? ఎవరు నేర్పారే నీకు? ఇటు తే."

చెల్లెలు చిన్నపిల్లలా అట్ట తెచ్చి ఇచ్చింది. అక్క టోపీ తలమీద ఉండగానే కళ్ళజోడు సర్దుకుని, వేలితో గీత గీత మీదా ఆగుతూ చదివింది. ట్రైనరమ్మకు తిరిగి ఇవ్వబోతూ ఆగింది.

"ఇక్కడ నా పేరుకు ఎదురుగా ఖాళీ ఉందేంటమ్మా? పొద్దున నాకు పెట్టావా, లేదా?"

ట్రైనరమ్మ వంగి ఆ ఖాళీ చూసింది. "పెట్టాననుకుంటా ఆంటీ... కుర్చీలు సర్దాలని మధ్యలో పిలిచారు... పెట్టానో, మీ తర్వాతావిడకే పెట్టానో..."

"రోజుకు ఎన్నిసార్లు పెట్టొచ్చు?"

"ఒక్కసారే."

డాక్టరు తొందరగా కలగజేసుకున్నాడు. "చాలా స్వల్పమైన కరెంటు, భయపడాల్సిందేమీ లేదు. మీరే చెప్పండమ్మా, పొద్దున మీకు టోపీ పెట్టారా?"

హాలంతా అక్క వైపు చూసింది. పెద్దలు నలుగురూ ముందుకు వంగారు. అక్క కాసేపు నిజాయితీగా ఆలోచించింది.

"నాకు గుర్తులేదు డాక్టరు గారూ. గుర్తుండదనే కదా మీ దగ్గరికొచ్చింది! రాసుకుందామంటే వద్దన్నారు. నాకు గుర్తులేదు, ఈ అమ్మాయికి గుర్తులేదు, కాగితం మీద లేదు. ఇచ్చామో లేదో తెలియనప్పుడు ఇవ్వకూడదు. మొదటి ఏడాది నర్సుకు కూడా తెలుసది." ట్రైనరమ్మ వైపు తిరిగింది. "తీసెయ్యమ్మా. ఏడవకు, ఏడిస్తే చేతులు వణుకుతాయి. ముందు వైరు పీకు, తర్వాత టోపీ."

ట్రైనరమ్మ ముందు వైరు పీకింది, తర్వాత టోపీ తీసింది. పెద్దల్లో ఒకాయన ఆ అట్ట ఇలా ఇవ్వమని చెయ్యి చాపాడు. డాక్టరు ఆయనకు ఏదో చెప్పబోయాడు. అక్కచెల్లెళ్ళు అది వినడానికి ఆగలేదు. మెట్లు దిగుతూ చెల్లెలు గెలిచాం అనుకుంది. ఇంటికి రాగానే గుండీల డబ్బాలోంచి మాత్రలు, గుడ్డల బీరువాలోంచి పుస్తకం తీసి అక్క ముందు పెట్టింది. డాక్టరిచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది.

అక్క పుస్తకం తెరిచింది. చివర రాసిన తేదీ చూసింది, గోడ మీద క్యాలెండరు చూసింది, మళ్ళీ పుస్తకం చూసింది. పేజీలు తిప్పింది. ఒక్క అక్షరం లేదు.

"ఈ ఏడు వారాలూ నేనెక్కడున్నానే?"

"ఇక్కడే ఉన్నావక్కా."

"ఇక్కడుంటే ఎందుకు రాయలేదు? నేను రాయకుండా ఉండను. ఆసుపత్రిలో పడ్డానా? ఏం చేశాను ఇన్నాళ్ళూ? ఎవరొచ్చారు, ఏం తిన్నాను, ఎవరితో మాట్లాడాను? ఒక్కటీ లేదేంటే?"

గంట కిందట హాలంతటినీ గడగడలాడించిన నోటితోనే చెల్లెలు అంతా చెప్పింది. పుస్తకం దాచింది తనేనని, మూడు రోజులు వెతుకుతుంటే చూస్తూ ఊరుకుంది తనేనని. డాక్టరు చెప్పాడని.

"డాక్టరు చెప్తే?" అక్క కళ్ళజోడు తీసింది. "తప్పు ఆర్డరు రాసినవాడు డాక్టరే అయినా, ఇచ్చిన చెయ్యి నర్సుది. అడగాలా వద్దా? నాకు తెలియకుండా నా పుస్తకానికి తాళం వేస్తావా? వాళ్ళు పరాయివాళ్ళు, నేనెవరో వాళ్ళకు తెలీదు. నీకు తెలీదా నేనెవరో?"

వార్డులో ఏదైనా పొరపాటు జరిగితే రాసిపెట్టడం ఆవిడ పద్ధతి. కొత్త పేజీ తీసి, టైము వేసి, చెల్లెల్ని ఒక్కొక్కటే అడుగుతూ గుండ్రటి అక్షరాలతో రాసింది. "పుస్తకం ఏడు వారాలు తాళంలో ఉంది. తాళం వేసింది చెల్లెలు. డాక్టరు మాట మీద. నన్ను అడగలేదు. ఫలితం: షుగర్ మాత్ర రెండుసార్లు పడింది. ఏడు వారాలు పోయాయి, తిరిగి రావు." కింద తన సంతకం పెట్టి, పుస్తకం అటు తిప్పి పెన్ను చేతికిచ్చింది. చెల్లెలు సంతకం పెట్టింది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు అక్క మాత్రలు తానే వేసుకుని, రాసుకుని, పుస్తకంలో ముందు రోజు పేజీ చదివింది. పుస్తకం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"ఏమే! నా పుస్తకానికి తాళం వేశావా నువ్వు? ఏడు వారాలా?"

చెల్లెలు మిషను ఆపి, లేచి నిలబడి, మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఆ తర్వాతి రోజు కూడా చెప్పింది. ఇప్పటికి ఆ పేజీ అరవైసార్లు చదివి ఉంటుంది అక్క. చదివిన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే మండిపడుతుంది. ఆ పేజీ చింపేయమ్మా, నీకూ ప్రశాంతం, ఆవిడకూ ప్రశాంతం, అని కోట్లు కుట్టించుకోవడానికొచ్చేవాళ్ళు సలహా ఇస్తుంటారు. వాళ్ళకు చెల్లెలు ఒక్కటే చెబుతుంది, దాని మీద తన సంతకం ఉందని.